ఇప్పలరేవు పేజీ

ఆ ఫోను వచ్చేటప్పటికి నేను అడవిదున్న ఫోటో కింద అచ్చుతప్పు దిద్దుతున్నాను. శ్రావణమాసం. మధ్యాహ్నం ఒక జల్లు కురిసి వెలిసింది. కంప్యూటరు దగ్గర నేను, కిటికీ పక్కన మడతకుర్చీలో మా మావయ్యగారు. ఆయన చేతిలో ప్రూఫులు, కళ్ళమీద కునుకు.

“పాపికొండల గైడు వేసేది మీరేనాండీ?” అన్నాడు అవతలాయన. గొంతు మెత్తగా ఉంది. “మాది ఏలూరండి. మీ పుస్తకం చాలా బాగుందండి. మా అమ్మకి చదివి వినిపించేను. మొన్న ఆదివారం ఆవిణ్ణి కార్లో కూర్చోబెట్టుకుని వెళ్ళేం, ఇప్పలరేవులో భోంచేద్దామని.”

మౌసు మీద నా చెయ్యి ఆగిపోయింది.

“బోట్లు ఆపేశారని తెలుసండి. రోడ్డున కూడా వెళ్ళొచ్చని రాశారు కదా అని బయల్దేరేం. సగం దూరం రోడ్డు బాగానే ఉందండి. తరవాత అలా నీళ్ళలోకి దిగిపోయింది. వెనక్కి తిప్పబోతే కారు బురదలో కూరుకుపోయింది. పైన వాన. మా అమ్మ గొడుగేసుకుని ఒక బండమీద కూర్చుంది, ఎవరో ట్రాక్టరాయన వచ్చి లాగేదాకా. ఊరేదండీ అని ఆయన్నడిగితే, ఖాళీ చేసి మూడేళ్ళయింది కదండీ అన్నాడు.”

తప్పయిపోయిందండీ అన్నాను. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. కాస్త జలుబు చేసిందన్నాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది. “పర్వాలేదండి. ఇంకెవరూ అలా వెళ్ళకుండా మార్పించండి, చాలు” అని పెట్టేశాడు.

మావయ్యగారు కళ్ళు తెరవకుండానే అడిగారు. “ఎవరమ్మా?”

చెప్పాను. అంతా చెప్పాను, బండమీద కూర్చున్న ముసలావిడతో సహా.

“పాత గైడు అయ్యుంటుంది” అన్నారాయన.

“కిందటేడుదేనండీ.”

ఆయన ప్రూఫులు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. వీధిలో ఎవరో కొబ్బరి మట్టలు ఈడ్చుకుపోతున్నారు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా వింటూ కూర్చుని, లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

అమలాపురంలో మావయ్యగారిని పాపికొండల పాపారావుగారనే అంటారు. వయసులో ఉండగా రాజమండ్రి నుంచి ఎగువకి వెళ్ళే లాంచీలో టిక్కెట్లు కొట్టేవారు. ఇప్పలరేవులో లాంచీ నడిపే సరంగుగారి అమ్మాయి సావిత్రిని పెళ్ళి చేసుకుని ఇక్కడికి తెచ్చుకున్నారు. ఆ తరవాతెప్పుడో, ఆ కొండల్ని నేషనల్ పార్కు అనడానికి చాలా ముందే, ఒక చిన్న గైడు వేశారు. ఏ మలుపులో ఏ కొండ, ఏ చెట్టుమీద ఏ పిట్ట, ఏ రేవులో ఏం తినాలి అన్నీ అందులో ఉండేవి. అదే పెరిగి పెద్దదై మడత మ్యాపు అయింది, పోస్టుకార్డులయింది, క్యాలెండరయింది, పిల్లలకి పిట్టల పుస్తకమయింది. సముద్రానికి దగ్గరగా, కొబ్బరితోటల మధ్య కూర్చుని కొండల మీద పుస్తకాలు వేసే ఇల్లు మాదొక్కటే. మా ఆయన ప్రసాద్ కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులకి నీళ్ళ పరీక్షలు చేస్తారు. ఆయనకి పుస్తకాల గోల పట్టదు. ఉప్పలగుప్తం నుంచి కోడలిగా వచ్చిన నేను పార్సిళ్ళు కట్టడంతో మొదలుపెట్టి, కంప్యూటర్లో పేజీలు కట్టడం నేర్చుకుని, ఇప్పుడు మొత్తం నేనే చూస్తున్నాను. రాసేది మాత్రం మావయ్యగారే.

ఆయన నాకు నేర్పిన మొదటి మాట, “చూడనిది రాయకూడదమ్మా.” రేవులో మెట్లు విరిగితే విరిగాయని రాసేవారు. ఒక హోటల్లో పులుసు నీళ్ళగా ఉందని రాసి, ఆ హోటలాయనతో చీవాట్లు తిన్నారు కూడా.

అలాంటి మనిషి ఇప్పలరేవు దగ్గర మాత్రం ఆగిపోయారు. దిగువన కట్టే ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి ఎక్కి, ఆ ఊళ్ళన్నీ ఖాళీ చేయించిన ఏడు నుంచీ ఆయన ఎగువకి వెళ్ళడం మానేశారు. బోట్ల వేళలు, టిక్కెట్ల కౌంటర్లు, ఫోటోలు అన్నీ నేనే వెళ్ళి సరిచూసుకు వస్తున్నాను. ఇప్పలరేవు పేజీ తీసేద్దామా అని ప్రతి సీజనుకీ అడిగేదాన్ని. “నీళ్ళు తగ్గితే ఊరు పైకి తేలుతుంది కదమ్మా” అనేవారు. నేను ఊరుకునేదాన్ని. ఎందుకంటే కొత్త పుస్తకం రాగానే ఆయన మొదటి కాపీ పట్టుకుని వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవారు. “వినవే” అని ఆ ఒక్క పేజీ అత్తయ్యగారికి చదివి వినిపించేవారు. రేవు మెట్లు, మెట్లపైన ఇప్పచెట్టు, కుడిచేతి వైపు పూరిపాకలో అత్తయ్యగారి వదిన దుర్గమ్మ పెట్టే చేపల పులుసు భోజనం. అత్తయ్యగారు కూర తరుగుతూ వినేవారు. అయిపోయాక “బాగుందండి” అనేవారు. అంతే. ఆ ఇద్దరి మధ్యలోకి కత్తెర పట్టుకుని వెళ్ళడం నాకు చేతకాలేదు.

ఆ వారంలోనే వీర్రాజు వచ్చాడు. బోట్ల టిక్కెట్ల ఏజెంటు. మా గైడు ప్రతి కౌంటర్లోనూ ఉండేలా చూసేది అతనే. ఎప్పుడొచ్చినా మజ్జిగ అడిగి తాగేవాడు, ఆ రోజు వద్దన్నాడు.

“బాబుగారూ, మీరంటే మాకెంత గౌరవమో మీకు తెల్సు గదండీ” అని మొదలుపెట్టాడు.

“ఊఁ.”

“కిందటి సీజన్లో మావోళ్ళకి మా చెడ్డ ఇబ్బందైపోయిందండి. పుస్తకం పట్టుకుని, ఇప్పలరేవులో ఆపండి, ఆపండి అని గొడవండి. ఆపడానికి అక్కడేం లేదండి బాబూ అంటే, మీరు మోసం చేస్తున్నారు, పుస్తకంలో ఉంది అంటారు. సరంగులు కొట్లాడలేక చస్తున్నారండి.”

“ఏం చెయ్యమంటావు?”

“ఆయ్, ఆ ఒక్క పేజీ తీసేసి ఇచ్చేరనుకోండి, ఎప్పట్లాగే పెట్టుకుంటాం. లేదంటే ఈ ఏడు మేం పెట్టుకోలేమండి. మరేమీ అనుకోకండి.”

మావయ్యగారు నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. “పెట్టుకోవద్దు వీర్రాజూ. పుస్తకం నాది.”

వీర్రాజు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. అతను వెళ్ళిపోయాక, ఇంక ఉండబట్టలేక అనేశాను.

“మావయ్యగారూ, చూడనిది రాయకూడదని మీరే కదండీ చెప్పేరు. మీరు ఆ ఊరు చూసి ఎన్నాళ్ళయింది?”

ఆయన ప్రూఫులు తీసి ముందేసుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, పెరుగు దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. అత్తయ్యగారు విస్తరి వంక, నా వంక చూసి, విస్తరి ఎత్తుకుపోయారు. ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆవిడకి అన్నీ వినిపిస్తాయన్న సంగతి మా ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

ఆ తరవాత వరద వచ్చింది. కోనసీమలో పుట్టినవాళ్ళకి వరద కొత్తేమీ కాదు. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక అనగానే లంకల్లోవాళ్ళు గొడ్లని గట్లమీదికి తోలుకొచ్చారు. కాజ్‌వేల మీద పడవలు తిరిగాయి. ప్రసాద్ రెండు రోజులు కాట్రేనికోనలోనే ఉండిపోయారు. మా వీధిలోకి నీళ్ళు రాలేదు గానీ కాలవ నిండుగా, ఎర్రగా, చెత్తా చెదారం మోసుకుంటూ పరిగెత్తింది.

ఇంట్లో టీవీ పొద్దుటినుంచీ మోగుతూనే ఉంది. ఎగువ ఊళ్ళు చూపించడం మొదలుపెట్టారు. నీళ్ళలోంచి గుడి శిఖరం, కరెంటు స్తంభాల తలలు, వాటిమీద కొంగలు. మావయ్యగారు రిమోటు తీసుకుని చటుక్కున కట్టేశారు. అత్తయ్యగారు పప్పు చేట పక్కన పెట్టి లేచి వచ్చారు. ఆయన చేతిలోంచి రిమోటు తీసుకుని మళ్ళీ పెట్టారు.

“కట్టెయ్యకండి. నన్ను చూడనివ్వండి.”

“ఎందుకే, మనసు పాడవడం తప్ప.”

“పాడైతే నా మనసే కదండీ.”

ఆవిడ నిలబడే చూశారు. ఇప్పలరేవు వచ్చిందో లేదో నాకు తెలీలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. చూడడం అయ్యాక ఆవిడ చేట ఎత్తుకుని వెళ్ళిపోతూ అన్నారు. “అమ్మాయ్ తులసీ, ఈసారి బోట్లు వదిలాక నువ్వు సరిచూడ్డానికి వెళ్తావు కదా. నేనూ వస్తాను.”

మావయ్యగారు తిరిగి ఆవిడ వంక చూశారు. ఆవిడ అప్పటికే వంటింట్లో ఉన్నారు.

నీళ్ళు దిగి, గోదావరి మళ్ళీ నీలిరంగుకి తిరిగేసరికి ఆశ్వయుజం సగం పైన గడిచింది. బోట్లకి అనుమతి వచ్చిన మొదటి వారంలోనే బయల్దేరాం. మావయ్యగారు రానన్నారు, తరవాత మోకాలు నొప్పన్నారు, బయల్దేరే రోజు తెల్లారకుండానే స్నానం చేసి గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడ్డారు.

గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కాం. రెండంతస్తుల బోటు, పైన పాటలు, పిల్లల గంతులు, మైకులో ఒకతను జోకులు. అత్తయ్యగారు కింది అంతస్తులో రైలింగు పక్కన కూర్చున్నారు. బోటువాళ్ళు ఉప్మా పొట్లం ఇస్తే పక్కన పెట్టుకున్నారు. మావయ్యగారు ఆవిడ పక్కన కూర్చుని, బోటు కదిలిన దగ్గర్నుంచీ మాట్లాడుతూనే ఉన్నారు. అంత మాటకారి అని నాకు తెలీదు.

“అదిగో, ఆ కొండ. అటు చూడు. ఆ లోయలోంచే అడవిదున్నలు నీళ్ళకి దిగేవి. అదిగో ఆ పెద్ద మద్దిచెట్టు, కనపడుతోందా? అటు, అటు.”

ఆయన చెయ్యి చూపించినదంతా అవతలి గట్టే. ఇప్పలరేవు ఇవతలి గట్టున వస్తుంది. నాకు అర్థమయ్యేసరికి అత్తయ్యగారికి ఎప్పుడో అర్థమైపోయింది.

“ఏవండీ” అన్నారావిడ. “ఎంతసేపని అటే చూపిస్తారు? ఇటు తిరగండి. వచ్చేస్తోంది.”

బోటు మలుపు తిరిగింది. నీళ్ళు దిగాయి గనక మొండిగోడలు కొన్ని తేలి ఉన్నాయి. తలుపులూ కిటికీలూ ఊళ్ళోవాళ్ళు ఖాళీ చేసేటప్పుడే పీక్కుపోయారు. గోడలమీద ఎర్రటి ఒండ్రు చార. మెట్లు లేవు. ఇప్పచెట్టు ఆకులు రాలి, కొమ్మలన్నీ బురద పట్టి, ఎండు కట్టెలా ఉంది. పైన పాట మారింది. మైకులో అతను ఆ ఊరి పేరెత్తలేదు, ముందు రాబోయే కొండల ఇరుకు గురించి చెబుతున్నాడు.

మావయ్యగారు చూశారు. చూస్తూ చూస్తూ రైలింగు గట్టిగా పట్టుకున్నారు.

“మూడేళ్ళ కిందట అన్నయ్య ఫోన్ చేసి చెప్పేడండి” అన్నారు అత్తయ్యగారు. పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా అన్నారు. “మా ఇంటి గడప పీకేటప్పుడు వదిన ఏడ్చింది, నేనూ ఫోన్లో ఏడ్చేను. మీరు బజారెళ్ళేరప్పుడు. ఆ ఏడుపు ఆ రోజే అయిపోయిందండి నాకు.”

“మరి నేను చదువుతుంటే...”

“ఒక్క మీ పుస్తకంలోనే ఊరు మునగలేదు. అది చదువుతున్నప్పుడు మీ మొహం చూడ్డానికి బాగుండేది. అందుకని వినేదాన్ని.”

ఊరు వెనక్కి జరిగిపోతుంటే ఆయన మెడ తిప్పి చూస్తూనే ఉన్నారు. ఈ మూడేళ్ళూ ఆవిడ కోసం ఆ పేజీని కాపాడుతున్నానని అనుకున్న మనిషి. ఆయన కోసమే ఆవిడ వింటున్నారని ఆ బోటులో తెలిసింది. అలాంటప్పుడు మనిషి ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు? ఆయన ఆవిడ పక్కనున్న ఉప్మా పొట్లం తీసి, విప్పి, ఆవిడ చేతిలో పెట్టారు.

“చల్లారిపోయింది” అన్నారు.

“చల్లారినా తింటాను లెండి” అన్నారావిడ. తిన్నారు కూడా.

బోటు తిరిగొచ్చి, దిగాక అత్తయ్యగారు ఇంటికి పోదామనలేదు. “అన్నయ్య దగ్గరికి వెళ్దాం” అన్నారు.

ఇప్పలరేవువాళ్ళకి కట్టిచ్చిన కాలనీ గోకవరం దాటాక, మారేడుమిల్లి రోడ్డుకి కాస్త లోపలగా ఉంది. వరసగా ఒకే కొలత ఇళ్ళు, గోడమీద నంబర్లు. చెట్లు ఇంకా మోకాళ్ళెత్తే. అత్తయ్యగారి అన్నయ్య బుల్లబ్బాయిగారు ఒకప్పుడు పడవ నడిపిన మనిషి, ఇప్పుడు ఆటో నడుపుతున్నారు. మమ్మల్ని చూసి ఆటో కింద నుంచి లేచి వచ్చారు, చేతులకి గ్రీజు.

“బావగారూ! ఆఖరికి దారి తెలిసిందాండీ?” అన్నారు మావయ్యగారిని. మాటలో నిష్ఠూరం ఉంది, మొహంలో లేదు.

దుర్గమ్మత్త అప్పటికప్పుడు పొయ్యి వెలిగించింది. సంతలో తెచ్చిన చేపలు పులుసు పెట్టి, వెదురుకొమ్ముల కూర చేసింది. అరుగుమీద కూర్చుని తిన్నాం. అంత రుచైన పులుసు నేను తిన్నది తక్కువ. ఆ మాటే అన్నాను.

“ఏం రుచమ్మా” అందావిడ. “అక్కడ రోజూ లాంచీవోళ్ళకీ, బోటువోళ్ళకీ గుండిగలెత్తేదాన్ని. ఇక్కడికొచ్చేక మా ఇద్దరికీ ఒక గిన్నె. చెయ్యి మర్చిపోతోంది.”

రోడ్డుమీద కార్లు పోతున్నాయి. మారేడుమిల్లి వెళ్ళే కార్లు, హైదరాబాదు నంబర్లు, విజయవాడ నంబర్లు. వాటిలో కొన్నింట్లో మా గైడు ఉండే ఉంటుంది. అత్తయ్యగారు ఎంగిలి చేత్తోనే ఆ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

“ఏవండీ, మీ పుస్తకం చదివేవాళ్ళు ఇక్కడ ఆగరాండీ?”

మావయ్యగారికి అర్థం కాలేదు. “ఇక్కడేముంది? ఇది పార్కు కాదు, కాలనీ. ఇక్కడికొచ్చి ఏం చూస్తారు?”

“చూడ్డానికా?” అన్నారు బుల్లబ్బాయిగారు. ఆయన గొంతు లేచింది. “మమ్మల్ని చూడ్డానికొస్తారా? మేమేమన్నా జూలో ఉన్నామేంటమ్మా?”

“చూడ్డానికి కాదయ్యా మగడా, అన్నానికి” అంది దుర్గమ్మత్త. చేతిలో గరిటె అలాగే ఉంది. “అక్కడ మాత్రం మనల్ని చూసి వచ్చేవోళ్ళేంటి? ఆకలేసి వచ్చేవోళ్ళు. తిని, రెండు కబుర్లు చెప్పి పోయేవోళ్ళు.”

కాసేపటికి బుల్లబ్బాయిగారు “పందిరి వెయ్యాలంటే ఆ పక్క స్థలం సరిపోద్ది” అన్నారు, ఎవరితోనూ కాకుండా.

“నేనుంటాను వదినా నీకు తోడు” అన్నారు అత్తయ్యగారు. “కార్తీకమాసం పోయేదాకా ఉంటాను.”

పెళ్ళయ్యాక ఆవిడ మావయ్యగారిని వదిలి పట్టుమని వారం ఎక్కడా ఉన్నది నేనెరగను. ఆయన కూడా ఎరగరని ఆయన మొహం చూస్తే తెలిసింది. వద్దంటారేమోనని చూశాను. ఆయన కండువాతో చెయ్యి తుడుచుకుని, “సరే. మరి పేజీ రాయాలి కదా” అన్నారు.

అత్తయ్యగారిని అక్కడే దింపి మేమిద్దరం అమలాపురం వచ్చాం. అచ్చుకి వెళ్ళే గడువు ముంచుకొస్తోంది. మావయ్యగారు పొద్దుటే కూర్చుని పేజీ రాసి ఇచ్చారు. “ఒకప్పుడు గోదావరి గట్టున ఇప్పలరేవు అనే అందమైన ఊరుండేది” అని మొదలు. ఫోన్లో అత్తయ్యగారికి చదివి వినిపించారు. స్పీకరు పెట్టారు గనక నాకూ వినపడింది.

“ఒకప్పుడు ఎందుకండీ?” అన్నారావిడ. “పోయినవాళ్ళ గురించి రాసినట్టుంది. ఇక్కడ మా వదిన ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడకేం చెప్పమంటారు?”

మళ్ళీ రాశారు. ఈసారి రెండో వాక్యంలో ఒకప్పుడు వచ్చింది. అదీ కుదరదన్నారావిడ. వెనకాల కుక్కరు కూత, ఎవరో నవ్వడం. ఆయన విసుక్కున్నారు. కాగితం ఉండచుట్టి కిటికీలోంచి పారేశారు, మళ్ళీ వెళ్ళి ఏరుకొచ్చారు. మూడోసారి రాసింది నాకిచ్చి, చదవమని ఎదురుగా కూర్చున్నారు.

“ఇప్పలరేవు గోకవరం దాటాక, మారేడుమిల్లి రోడ్డుకి ఎడమచేతి వైపు ఉంది. నీళ్ళట్యాంకు గుర్తు. దుర్గమ్మగారు, సావిత్రిగారు వండుతారు. ముందురోజు ఫోన్ చేస్తే చేపల పులుసు ఉంటుంది, చెయ్యకపోతే ఉన్నది పెడతారు. తిన్నాక తొందరపడి లేవకండి. ఈ ఊరివాళ్ళు గోదావరిని తరాలుగా ఎరుగుదురు. అడిగితే చెబుతారు.”

ఒక్క అక్షరం మార్చలేదు నేను. మ్యాపు దగ్గర మాత్రం ఇద్దరం ఆగాం. నది నీలంలో పాత ఊరి చుక్క. తీసెయ్యనా అని అడిగాను.

“చుక్క ఉంచమ్మా” అన్నారు. “పక్కన చిన్నక్షరాల్లో రాయి. పాత రేవు. బోటు ఆగదు.”

రాశాను. వీర్రాజుకి ఆ పేజీ, మ్యాపు ఫోన్లో పంపాను. సాయంత్రానికి తనే వచ్చాడు. ఈసారి మజ్జిగ అడిగి తాగాడు. “ఆయ్, సరిపోయిందండి బాబుగారూ” అన్నాడు. మావయ్యగారు “పులుసు తిని చెప్పు, పుస్తకం సంగతి తరవాత” అన్నారు. పుస్తకం అచ్చయి రాగానే ఏలూరాయనకి ఒక కాపీ నేనే పార్సిలు కట్టాను, అమ్మగారికని పైన రాసి.

పందిరికి మొదటి వారం నలుగురైదుగురు వచ్చారట. రెండో వారం ఒక బస్సు ఆగిందట. అందరూ ఒక్కసారే వచ్చేశారని దుర్గమ్మత్త కంగారుపడి అన్నం చాలక పక్కిళ్ళన్నీ తిరిగిందని, ఆ రాత్రి కాలనీలో సగంమంది అటుకులు తిని పడుకున్నారని అత్తయ్యగారు ఫోన్లో చెబుతూ ఆగకుండా నవ్వారు. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళు కారు. ఒకడెవడో ఇళ్ళలోకి దూరి ఫోటోలు తియ్యబోతే బుల్లబ్బాయిగారు ఆటో అడ్డం పెట్టారట. అదీ చెప్పారు.

ఇక్కడ మా ఇల్లు వేరే ఇల్లయిపోయింది. పొద్దుటే కాఫీ నేను కలిపితే మావయ్యగారు తాగేవారు, కానీ గ్లాసు సగం మిగిలేది. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏం తియ్యడానికి వచ్చారో మర్చిపోయి వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఫోనొచ్చే వేళకి చొక్కా వేసుకుని కూర్చునేవారు, అవతల ఆవిడకి కనబడుతున్నట్టు. ప్రసాద్ చూసి నవ్వుకునేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కార్తీకంలో ఒక శనివారం పొద్దున్నే లేచి చూస్తే ఆయన పెరట్లో అరటిగెల కోస్తున్నారు. చక్కెరకేళీ, అప్పుడే పండుబారుతోంది. గెల నుంచి అత్తాలు విడదీసి సంచీలో సర్దారు. స్నానం చేసి, తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తలకి నూనె రాసి దువ్వుకున్నారు. అద్దం ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డారు.

“పుస్తకాలు పంపాలాండీ? వీర్రాజు వస్తానన్నాడు కదా” అన్నాను.

“పుస్తకాలు కాదు.”

బస్టాండు దాకా స్కూటీ మీద దింపాను. రాజమండ్రి బస్సు సిద్ధంగా ఉంది. రాజమండ్రిలో గోకవరం బస్సు మారాలి, అక్కణ్ణుంచి ఆటో. ఆ మోకాలితో అంత దూరం. సంచీ నేను పట్టుకుంటే లాక్కున్నారు. కండక్టరుకి ఆయన తెలుసు. “ఎక్కడికండీ పాపారావుగారూ, మళ్ళీ పాపికొండలకేనా?” అని అడిగాడు.

మావయ్యగారు మెట్టుమీద ఆగి, సంచీ భుజానికి సర్దుకున్నారు. చెవులదాకా ఎర్రబడింది మొహం.

“కాదయ్యా” అన్నారు. “అత్తారింటికి.”